మెలోడిక్ మైనర్: ఎక్కేది గౌరీమనోహరి, దిగేది నఠభైరవి

సూరత్ నుంచి నవసారి వెళ్లే రైలు మార్గంలో వచ్చే పారిశ్రామిక ప్రాంతం సచిన్. మరమగ్గాల పని కోసం తెలంగాణ నుంచి వచ్చిన పద్మశాలి కుటుంబాలు సూరత్‌లో చాలాకాలంగా స్థిరపడి ఉన్నాయి. ఇక్కడి తెలుగింటి పిల్లలు సంగీతం నేర్చుకోవాలనుకుంటే ఓ తమాషా చిక్కు ఎదురవుతుంది. కర్ణాటక సంగీతం తెలిసిన పెద్దవాళ్లు గౌరీమనోహరి అంటారు. హిందుస్థానీ నేర్పే హార్మోనియం మాస్టారు పట్‌దీప్ అంటారు. కీబోర్డు గ్రేడ్ పరీక్షల్లో అడిగేది మెలోడిక్ మైనర్. మూడూ ఒకటేనని సర్దిచెప్పేవాళ్లు ఉంటారు. అది సగమే నిజం.

మైనర్ స్కేలు ఒకటి కాదు

పాశ్చాత్య సంగీతంలో మైనర్ స్కేలుకు మూడు రూపాలున్నాయి. మొదటిది నేచురల్ మైనర్. మన లెక్కలో 20వ మేళకర్త నఠభైరవి. ఇందులో కైశికి నిషాదం నుంచి పై షడ్జానికి రెండు అరస్వరాల దూరం ఉంటుంది. నిషాదం షడ్జాన్ని గట్టిగా లాగదు. పాశ్చాత్య హార్మనీకి ఆ లాగుడు కావాలి. అందుకే నిషాదాన్ని అరస్వరం పెంచి కాకలి నిషాదం చేశారు. అది హార్మోనిక్ మైనర్, మన 21వ మేళకర్త కీరవాణి. సంగీత దర్శకుడు ఎం.ఎం. కీరవాణి పేరు ఈ రాగానిదే.

ఒక చిక్కు తీరితే మరొకటి వచ్చింది. శుద్ధ ధైవతానికీ కాకలి నిషాదానికీ మధ్య మూడు అరస్వరాల ఎడం. కీరవాణికి అందం ఆ ఎడమే. యూరప్ గాయక బృందాలకు మాత్రం అంత దూకుడు ఇబ్బందిగా ఉండేది. దాంతో ధైవతాన్నీ పెంచి చతుశ్రుతి చేశారు. అదే మెలోడిక్ మైనర్ ఆరోహణ, మన 23వ మేళకర్త గౌరీమనోహరి. కటపయాది సూత్రంలో గౌ అంటే 3, రీ అంటే 2. తిరగేస్తే 23. శంకరాభరణంలో అంతర గాంధారం తీసి సాధారణ గాంధారం పెడితే వచ్చేదీ ఇదే. త్యాగరాజు ‘గురులేక ఎటువంటి’ కీర్తన ఈ రాగంలోదే.

దిగేటప్పుడు షడ్జం వైపు లాగాల్సిన పని లేదు. అందుకే ధైవత నిషాదాలు రెండూ తగ్గి, స్కేలు తిరిగి నఠభైరవి అవుతుంది. గౌరీమనోహరి అలా మారదు, ఎక్కినా దిగినా అవే స్వరాలు. జాజ్ వాళ్లు కూడా అలాగే వాయిస్తారు. పట్‌దీప్ తీరు వేరు. కోమల గాంధారం, మిగతావి శుద్ధ స్వరాలు కాబట్టి స్వరస్థానాలు గౌరీమనోహరివే. కానీ ఆరోహణలో రిషభం, ధైవతం వదిలేస్తారు. ‘శర్మీలీ’ (1971) సినిమాకు ఎస్.డి. బర్మన్ ఈ రాగంలో కట్టిన పాట ఇప్పటికీ వినిపిస్తుంది.

భైరవి తెలిసినవారికి సులువు

దిగేటప్పుడు స్వరం మారడం తెలుగు చెవికి కొత్తేమీ కాదు. భైరవిలో ఎక్కేటప్పుడు చతుశ్రుతి ధైవతం, దిగేటప్పుడు శుద్ధ ధైవతం వస్తాయి. పచ్చిమిరియం ఆదిప్పయ్య ‘విరిబోణి’ వర్ణం నేర్చిన విద్యార్థికి ఈ మలుపు గొంతులోనే ఉంటుంది. అక్కడ నిషాదం మారదు, మెలోడిక్ మైనర్‌లో అదీ మారుతుంది. తేడా అంతే. కాబట్టి గౌరీమనోహరి పోలిక కంటే భైరవి పోలికతో మొదలుపెట్టడమే మేలు. పాశ్చాత్య ఉదాహరణ కావాలంటే బీటిల్స్ వారి ‘యెస్టర్‌డే’ (1965) వినొచ్చు. డి స్వరాన్ని షడ్జంగా పట్టుకుంటే, మొదటి వాక్యంలో పంచమం నుంచి పై స్వరాలతో ఎక్కి, తర్వాతి వాక్యంలో తగ్గిన స్వరాలతో దిగడం స్పష్టంగా తెలుస్తుంది.

సాధన

కీబోర్డుపై ఎ మైనర్‌తో మొదలుపెట్టడం తేలిక. ఎక్కేటప్పుడు ఎ, బి, సి, డి, ఇ, ఎఫ్ షార్ప్, జి షార్ప్, ఎ. నల్ల మెట్లు రెండే. దిగేటప్పుడు ఎ, జి, ఎఫ్, ఇ, డి, సి, బి, ఎ. అన్నీ తెల్ల మెట్లే. కుడిచేతి వేళ్లు 1-2-3, తర్వాత బొటనవేలు కిందుగా తిప్పి 1-2-3-4-5. ఎడమచేతికి 5-4-3-2-1, ఆపై 3-2-1.

చాలామంది స్కేలంతా మళ్లీ మళ్లీ వాయిస్తూ తప్పు కూడా అలవాటు చేసుకుంటారు. షడ్జం నుంచి పంచమం దాకా రెండు దారులూ ఒకటే. తప్పు జరిగేది పై నాలుగు స్వరాల్లోనే. అందుకే ఇ నుంచి ఎ వరకు ఎక్కి, ఎ నుంచి ఇ వరకు దిగడం ఒక్కటే కొన్ని రోజులు వాయించాలి. మెట్రోనోమ్ 60 మీద, మెట్టుకో స్వరం చాలు. శ్రుతిపెట్టె పెట్టుకుని పాడుతూ వాయిస్తే మరీ మంచిది. పై షడ్జం దగ్గర ఒక్క క్షణం ఆగితే, మారిన నిషాదం కోసం వేలు తడుముకోదు. ఆ నాలుగూ తడబడకుండా వచ్చాక కింది స్వరాలు కలిపి, డి మైనర్‌కు వెళ్లొచ్చు. అక్కడ ఎక్కేటప్పుడు బి, సి షార్ప్, దిగేటప్పుడు సి, బి ఫ్లాట్ వస్తాయి.