అనాస వాసన నుంచి ఇంజిన్ దీపం దాకా

పాత కారు సిగ్నల్ దగ్గర ఆగితే స్టీరింగ్ వణుకుతుంది. కదిలాక యాక్సిలరేటర్ తొక్కితే పికప్ అందదు, రెండు మూడు కుదుపులు. డాష్‌బోర్డులో ఇంజిన్ బొమ్మతో పసుపు దీపం. "మిస్సింగ్ వస్తోంది సార్" అంటాడు మెకానిక్. ఆ దీపాన్ని మన బండి మేలు కోరే పెట్టారనుకుంటాం. నిజానికి అది గాలి మేలు కోరి పెట్టింది. దాని కథ మొదలైంది అనాసపండు దగ్గర.

1940ల్లో లాస్ ఏంజిలిస్ మీద పట్టపగలే మసక కమ్మేది. కళ్లు మండేవి, గొంతు గీరేది. ఆ రోజుల్లో కాల్‌టెక్‌లో ఆరీ హాగెన్-స్మిట్ అనే డచ్చి రసాయన శాస్త్రవేత్త అనాసకు ఆ వాసన ఎలా వస్తుందో పరిశోధిస్తున్నాడు. పండు వాసనను చల్లబరిచి బొట్లుగా పట్టే పద్ధతిలోనే ఊరి గాలినీ పట్టి చూశాడు. కార్లు, నూనె శుద్ధి కర్మాగారాలు వదిలే హైడ్రోకార్బన్లు, నైట్రోజన్ ఆక్సైడ్లు ఎండలో కలిసి ఓజోన్‌ను పుట్టిస్తున్నాయని 1950ల మొదట్లో తేల్చాడు. గాలిలో ఓజోన్ ఎంతుందో రబ్బరు ముక్కల మీద పడే పగుళ్లను బట్టి అంచనా కట్టేవాడు. 1967 చట్టంతో కాలిఫోర్నియాలో గాలి వనరుల బోర్డు ఏర్పడింది. దానికి తొలి అధ్యక్షుడు ఆయనే.

1975 మోడళ్లతో అమెరికా కార్ల పొగగొట్టాల్లోకి క్యాటలిటిక్ కన్వర్టర్ వచ్చింది. తర్వాత వచ్చిన త్రీ-వే కన్వర్టర్ మూడు రకాల విషవాయువులనూ విరిచేస్తుంది. కానీ దానికి ఒక పట్టుదల ఉంది: కిలో పెట్రోలుకు సుమారు 14.7 కిలోల గాలి పడాలి. అటూ ఇటూ అయితే పని చెయ్యదు. అంత కచ్చితంగా కొలిచి పోయడం మామూలు కార్బురేటర్ వల్ల అయ్యే పని కాదు.

దారి చూపింది ఆక్సిజన్ సెన్సర్. బాష్ తయారుచేసిన ఈ సెన్సర్‌ను 1976లో వోల్వో తన కార్లలో పెట్టింది. లోపల ఉన్నది వేలితొడుగంత జిర్కోనియా పింగాణి. బయట పొగ, లోపల మామూలు గాలి. 300 డిగ్రీలు దాటి వేడెక్కితే రెండు వైపులా ఉన్న ఆక్సిజన్ తేడాను వోల్టుల్లో చెబుతుంది. పెట్రోలు ఎక్కువైతే దాదాపు 0.9, గాలి ఎక్కువైతే దాదాపు 0.1. ఇంజిన్ వేడెక్కాక మీటరు పెట్టి చూస్తే ముల్లు ఈ రెండింటి మధ్య ఊగిసలాడుతూ ఉండాలి. బద్ధకంగా కదిలితే సెన్సర్ ముసలిదైందని అనుమానించాలి.

ఇక్కడే కొత్త చిక్కు. సెన్సర్ చచ్చినా కారు నడుస్తుంది, పొగ మాత్రం పాడవుతుంది. ఆ సంగతి ఓనరుకు తెలిసేదెలా? బండే తన జబ్బు తాను చెప్పుకోవాలి. 1980ల మొదట్లో జనరల్ మోటార్స్ కార్లలో రెండు పిన్నులను చిన్న తీగతో కలిపితే దీపం మిణుకుమిణుకుమంటూ కోడ్ చెప్పేది: ఒక మిణుకు, ఆగి, రెండు మిణుకులు, అంటే 12. కాలిఫోర్నియా 1988 మోడళ్ల నుంచి ఇలాంటి స్వీయ పరీక్షను తప్పనిసరి చేసింది. అయినా కంపెనీకో సాకెట్, కంపెనీకో భాష. 1996 నుంచి అమెరికా కార్లన్నిటికీ 16 పిన్నుల ఒకే సాకెట్, ఒకే కోడ్ల పట్టిక వచ్చాయి. అదే ఓబీడీ-2. మన దేశంలో కార్లకు అది 2013 నుంచి తప్పనిసరైంది.

మిస్సింగ్‌ను కనిపెట్టే బాధ్యత ఓబీడీ-2తోనే వచ్చింది. సిలిండర్లో మంట అంటుకున్న ప్రతిసారీ క్రాంక్ షాఫ్ట్‌కు ఒక తోపు అందుతుంది. నాలుగు సిలిండర్ల ఇంజిన్లో ప్రతి అరచుట్టుకూ ఒకటి. ఏదో ఒకటి అంటుకోకపోతే ఆ అరచుట్టు రవ్వంత నెమ్మదిస్తుంది. క్రాంక్ సెన్సర్ చక్రం పళ్లను లెక్కపెడుతూ ఆ రవ్వంత తేడాను పట్టేస్తుంది. మూడో సిలిండరైతే పీ0303, ఏదో తేలకపోతే పీ0300.

అయితే కోడ్ నొప్పి ఎక్కడో చెబుతుంది గానీ ఎందుకో చెప్పదు. మంట అంటుకోని సిలిండర్ నుంచి వాడని ఆక్సిజన్ అలాగే పొగలోకి పోతుంది. అది చూసి సెన్సర్ 'గాలి ఎక్కువైంది' అంటుంది. ఉన్నమాట చెప్పినందుకు దాన్నే పీకి కొత్తది బిగిస్తారు. పగిలిన వ్యాక్యూమ్ గొట్టంలోంచి దొంగగాలి దూరినా అదే కథ. రబ్బరు పగుళ్లను చూసే హాగెన్-స్మిట్ గాలి గుట్టు పట్టాడు; మనమేమో ఆ పగుళ్లను వదిలేసి సెన్సర్‌ను తిడతాం.

అనుభవం ఉన్న మెకానిక్ ముందు సామాను కొనిపించడు. మూడో సిలిండర్ కాయిల్ తీసి రెండో దానికి, రెండోది మూడో దానికి పెడతాడు. కోడ్ పీ0302గా మారితే దొంగ కాయిలే. మారకపోతే ప్లగ్గు, ఇంజెక్టర్, కంప్రెషన్ వరసగా చూస్తాడు. కాయిల్ మార్పిడికి ఖర్చు పది నిమిషాలు.

దీపం నిలకడగా వెలిగితే తీరిక చూసుకుని షెడ్డుకు వెళ్లొచ్చు. టపటపా కొట్టుకుంటుంటే మాత్రం కాలని పెట్రోలు కన్వర్టర్లోకి చేరి మండుతోందని అర్థం. లోపలి పింగాణి కరిగిపోగలదు. అప్పుడు యాక్సిలరేటర్ మీద కాలు తీసి, బండి పక్కకు ఆపండి.