ఉపాధి హామీ పథకం: ఫలితాల కొలత

జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకానికి వాడుకలో ఉపాధి పని, వంద రోజుల పని అనే పేర్లున్నాయి. రాయలసీమ పల్లెల్లో ఇప్పటికీ చాలామంది నోట పాత పేరే, 'కరువు పని', వినిపిస్తుంది. వెనుకబడిన జిల్లాల్లో ఈ పథకం మీద ప్రభుత్వం పెట్టిన డబ్బు ఏం సాధించిందో తేల్చడానికి జరిగిన ప్రయత్నాలు ఈ వ్యాసానికి విషయం. పథకం నిబంధనలు పాఠకులకు తెలిసినవే కాబట్టి అవసరమైన మేరకే ప్రస్తావిస్తున్నాం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు ఇందులో ఎక్కువ చోటు దక్కింది. అది ప్రాంతాభిమానం వల్ల కాదు. కొలతకు పనికొచ్చే ఆధారాలు బహుశా దేశంలో మరే రాష్ట్రంలోనూ ఇంత దట్టంగా పోగుపడలేదు.

తేదీలు, విడతలు

పథకం పుట్టిన తేదీ దగ్గరే లెక్కలు వేరవుతాయి. చట్టానికి రాష్ట్రపతి ఆమోదం దొరికిన 2005 సెప్టెంబరు 5ను కొందరు లెక్కలోకి తీసుకుంటారు. అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలో ప్రధాని మన్మోహన్ సింగ్ పథకాన్ని ప్రారంభించిన 2006 ఫిబ్రవరి 2ను ఎక్కువమంది తీసుకుంటారు. ఫలితాల కొలతకు రెండోదే సరైనది. దీనికి మాతృక అని చెప్పే మహారాష్ట్ర ఉపాధి హామీ పథకానికైతే 1965 (ప్రయోగదశ), 1972 (కరువు), 1977 (చట్టం), 1979 (అమలు) అని నాలుగు తేదీలు కనిపిస్తాయి.

తొలి విడతలో దేశంలో 200 జిల్లాలుండగా ఉమ్మడి రాష్ట్రానివి 13: ఆదిలాబాద్, అనంతపురం, చిత్తూరు, కడప, కరీంనగర్, ఖమ్మం, మహబూబ్‌నగర్, మెదక్, నల్గొండ, నిజామాబాద్, రంగారెడ్డి, విజయనగరం, వరంగల్. రెండో విడత 130 జిల్లాలకు 2007 ఏప్రిల్ అని రాయడం పరిపాటి. నిజానికి ఉత్తరప్రదేశ్‌లోని 17 జిల్లాలకు అది మే 15న వచ్చింది. మిగిలిన జిల్లాలన్నీ 2008 ఏప్రిల్ 1న చేరాయి. కృష్ణా, పశ్చిమగోదావరి, విశాఖపట్నం ఈ చివరి విడతలోవి.

ముందు చేరిన జిల్లాలను తర్వాత చేరిన జిల్లాలతో పోల్చి చూడటమే చాలా అధ్యయనాల పద్ధతి కాబట్టి ఈ తేదీలకు ఇంత ప్రాముఖ్యం. ఆ పోలికలో ఒక చిక్కు ఉంది. ముందు విడతలో చేరినవి పేద జిల్లాలే. షెడ్యూల్డ్ కులాలు, తెగల జనాభా వాటా, వ్యవసాయ కూలిరేటు, ఒక్కో వ్యవసాయ శ్రామికుడి ఉత్పత్తి అనే మూడింటి ఆధారంగా ప్రణాళికా సంఘం కార్యబృందం 2003లో 447 జిల్లాలకు వరుస కట్టింది. ఎంపికకు అదే ప్రాతిపదిక అయినా, ఆచరణలో ఆ వరుస అన్నిచోట్లా పాటించలేదు. మహబూబ్‌నగర్‌ను కృష్ణా జిల్లాతో పోల్చి, తేడా అంతా పథకం పుణ్యమేనని గానీ పాపమేనని గానీ చెప్పడం అందుకే కుదరదు.

రిజిస్టరు చెప్పేది

ప్రభుత్వం ప్రకటించే ఫలితాలు మూడు: పనిదినాలు, ఖర్చు, పూర్తయిన పనులు. ఇవన్నీ మొదట పుట్టేది పని గుంత దగ్గర. నీటి కుంట తవ్వేటప్పుడు మధ్యలో ఒక మట్టి దిమ్మెను తవ్వకుండా వదులుతారు. నేల మొదట ఎంత ఎత్తున ఉండేదో అదే సాక్ష్యం. టెక్నికల్ అసిస్టెంటు వచ్చి పొడవు, వెడల్పు, లోతు టేపుతో కొలిచి కొలతల పుస్తకమైన ఎం-బుక్‌లో రాస్తాడు. ఘనపరిమాణాన్ని రేటుతో గుణించి, వచ్చిన మొత్తాన్ని శ్రమశక్తి సంఘంలో (కలిసి పనిచేసే కూలీల బృందంలో) ఆ వారం మస్టరు పడినవారికి పంచుతారు. గట్టి నేలకు ఒక రేటు, మెత్తటి నేలకు ఇంకో రేటు. గడ్డపార దిగని నేలను పుస్తకంలో మెత్తటి నేలగా రాస్తే కూలి అక్కడే తెగుతుంది. పైన ఢిల్లీలో కనిపించే అంకెలో ఆ తేడా జాడ కూడా మిగలదు.

'పని అడిగినవారు' అన్న గడిని మరీ జాగ్రత్తగా చూడాలి. దరఖాస్తు ఇచ్చిన 15 రోజుల్లో పని చూపకపోతే నిరుద్యోగ భృతి ఇవ్వాలని చట్టం చెబుతుంది. పని మంజూరైన రోజునే దరఖాస్తు రాయించుకునే అలవాటు చాలాచోట్ల ఉండటంతో అడిగినవారి సంఖ్య, దొరికినవారి సంఖ్య రిజిస్టరులో దాదాపు ఒకటిగానే ఉంటాయి. 2009-10 జాతీయ నమూనా సర్వేను విశ్లేషించిన పూజా దత్తా, రింకూ ముర్గాయ్, మార్టిన్ రవాలియన్, డొమినిక్ వాన్ డి వాల్ లకు కనిపించింది వేరు. పని కావాలన్న గ్రామీణ కుటుంబాలు సుమారు 45 శాతం. వాటిలో పని దొరికినవి సగానికి కొంచెం పైన. పేద రాష్ట్రాల్లోనే కొరత ఎక్కువ.

రిజిస్టరుకూ కూలివాడి చేతికీ మధ్య దూరం ఎంతో చూపిన ఉదాహరణ మన సరిహద్దులోదే. 2007 మేలో ఒడిశా ప్రభుత్వం రోజుకూలిని 55 రూపాయల నుంచి 70కి పెంచింది. గజపతి, కొరాపుట్, రాయగడ జిల్లాల్లో పాల్ నీహౌస్, సందీప్ సుఖ్తంకర్ ఇంటింటికీ తిరిగి అడిగారు. రికార్డుల్లో చెల్లింపు ఉత్తర్వు ప్రకారమే పెరిగింది, కూలీలకు ముట్టినది మాత్రం పెరగలేదు. పెంచిన 15 రూపాయలు వాళ్లదాకా రానేలేదు.

సామాజిక తనిఖీ

ఆంధ్రప్రదేశ్‌లో తనిఖీలు 2006లో మొదలయ్యాయి. వాటికోసమే పనిచేసే సంస్థ 2009లో ఏర్పడింది. పథకాన్ని అమలుచేసే యంత్రాంగం చేతికింద కాకుండా విడిగా ఉండటం దాని ప్రత్యేకత. కేంద్రం 2011లో తనిఖీ నిబంధనలు తెచ్చేనాటికి ఇక్కడి పద్ధతి స్థిరపడిపోయింది.

తనిఖీ బృందం ముందు మండల కార్యాలయం నుంచి మస్టర్లు, చెల్లింపు జాబితాలు, ఎం-బుక్కులు తీసుకుంటుంది. కూలి కుటుంబాల్లోంచే చదువుకున్న యువతీయువకులను ఎంచి శిక్షణ ఇస్తుంది. వాళ్లు అరుగు మీద కూర్చుని జాబ్ కార్డు పక్కన జాబితా పెట్టి ఒక్కో వారమే అడుగుతారు: ఈ వారం పనికి పోయినావా, ఎన్ని రోజులు, చేతికెంత వచ్చింది? వలసపోయిన కొడుకు పేరున ఆరు రోజుల కూలి పడటం, చనిపోయిన మనిషి కుంట తవ్వడం లాంటివి బయటపడేది అప్పుడే. తర్వాత పనిచేసిన చోటికెళ్లి టేపు పట్టి మళ్లీ కొలుస్తారు. గ్రామసభలో చదివిన నివేదిక చివరికి మండల ప్రజావేదిక మీదికి వస్తుంది. మైకు ముందు కూలీ తన పేరు చెప్పి మాట్లాడాలి, ఫీల్డ్ అసిస్టెంటు జవాబివ్వాలి. రికవరీ, సస్పెన్షన్ ఉత్తర్వులు ఆ వేదిక మీదే ప్రకటిస్తారు.

తనిఖీ అవినీతిని పట్టుకుంది, నిజం. దాన్ని తగ్గించిందా అన్నది వేరే సంగతి. ఫర్జానా అఫ్రిది, వెగార్డ్ ఐవర్సన్ రాష్ట్రంలోని ఎనిమిది జిల్లాల్లో 300 గ్రామ పంచాయతీల తనిఖీ నివేదికలను (2006-10) వరుసగా పేర్చి చూశారు. విడత మీద విడత తనిఖీ జరిగినా మొత్తం అక్రమాలు తగ్గిన దాఖలా వారికి దొరకలేదు. కూలి చెల్లింపుల్లో దొంగలెక్కలు కొంత తగ్గినట్టున్నా, సామగ్రి ఖర్చులో అవకతవకలు పెరిగాయి. కూలి ముట్టిందో లేదో చెప్పడానికి ఊళ్లో సాక్షులుంటారు, సిమెంటు బస్తాలకు ఉండరు. సామాజిక తనిఖీని సర్వరోగనివారిణిగా చూపే రచనలతో పోలిస్తే ఈ అధ్యయనమే వాస్తవానికి దగ్గరగా తోస్తుంది. అయితే తనిఖీ బృందాలు కాలక్రమంలో రాటుదేలి ఎక్కువ తప్పులు పట్టుకోవడం కూడా ఆ అంకెల్లో కొంత కలిసి ఉండవచ్చు.

స్మార్ట్‌కార్డుల లాటరీ

పథకం చరిత్రలో అన్నిటికంటే గట్టి కొలత స్మార్ట్‌కార్డుల పుణ్యమా అని దొరికింది. తపాలా కార్యాలయాల ద్వారా ఇస్తున్న కూలిని వేలిముద్ర కార్డుతో ఊళ్లోనే చెల్లించాలని రాష్ట్ర ప్రభుత్వం తలపెట్టింది. ఎనిమిది జిల్లాల్లో (ఆదిలాబాద్, అనంతపురం, ఖమ్మం, కర్నూలు, కడప, నల్గొండ, నెల్లూరు, విజయనగరం) ఏ మండలానికి ముందు ఇవ్వాలో లాటరీతో తేల్చడానికి ఒప్పుకుంది. కార్తిక్ మురళీధరన్, నీహౌస్, సుఖ్తంకర్ 112 మండలాలను ముందు, 45 మండలాలను చివర ఉంచి, మధ్యలో మరికొన్నిటిని పోలికలో చేర్చకుండా వదిలిపెట్టారు. పోల్చిన 157 మండలాల జనాభా సుమారు కోటీ 90 లక్షలు. 2010లో ఒక సర్వే, 2012లో ఇంకొకటి. రెండేళ్ల తర్వాత కూడా కార్డు మీద జరిగిన చెల్లింపులు సగం మేరకే. అమలు అంత కుంటినడకన సాగినా ఫలితాలు ఇలా ఉన్నాయి.

కూలి తెచ్చుకోవడానికి పట్టే సమయం ఒక్కో చెల్లింపుకు 22 నిమిషాలు తగ్గింది. డబ్బు ఆరు నుంచి పది రోజులు ముందుగా చేతికందింది. కూలీల సమయం ఆదా విలువే కార్డుల ఖర్చుకు సరిపోయిందని అధ్యయనం లెక్కగట్టింది. పథకం నుంచి కుటుంబాలకు వచ్చిన వారపు సంపాదన 24 శాతం పెరిగింది. దారిలో మాయమయ్యే డబ్బు 12.7 శాతం పాయింట్లు తగ్గింది. కూలీల చేతికి ఇంత ఎక్కువ చేరుతున్నా ప్రభుత్వ ఖర్చులో చెప్పుకోదగ్గ మార్పు లేదు. ఎప్పుడూ పోయేంత డబ్బే ఖజానా నుంచి పోయింది, వెళ్లిన దిక్కు మారింది. పథకం వెబ్‌సైటు మాత్రమే చూసే అధికారికి ఈ రెండేళ్లలో ఏమీ జరగనట్టే ఉంటుంది.

అదే బృందం 2023లో 'ఎకనామెట్రికా' పత్రికలో అచ్చువేసిన రెండో అధ్యయనం మరో మెట్టు ఎక్కింది. లబ్ధిదారు కుటుంబాల మొత్తం ఆదాయం 14 శాతం పెరిగిందనీ, ఆ పెరుగుదలలో 86 శాతం పథకం బయటి నుంచే వచ్చిందనీ తేల్చింది. (2017 ముసాయిదాలో ఈ అంకెలు 12.7, 90. పాత వ్యాసాల్లో అవే తిరుగుతుంటాయి.) కారణం అర్థం కానిదేమీ కాదు. ఉపాధి పని సక్రమంగా, డబ్బు సకాలంలో దొరుకుతుంటే కూలీ రైతు చెప్పిన రేటుకు తలూపాల్సిన అవసరం తగ్గుతుంది. ఇంతకు తక్కువైతే రానని చెప్పే రేటు పెరిగింది, కూలిరేట్లూ పెరిగాయి. విశేషమేమంటే ప్రైవేటు పని తగ్గలేదు సరికదా పెరిగింది. భూమి కొద్దిమంది చేతుల్లో ఉన్న ఊళ్లలో ఆ పెరుగుదల మరీ ఎక్కువ. పక్క మండలం రేటు సరిహద్దు దాటి రావడం వల్ల, మామూలు పోలిక ఈ ప్రభావాన్ని తక్కువ చేసి చూపుతుందని కూడా రచయితలు గుర్తించారు.

దేశవ్యాప్త లెక్కలు ఇంత స్పష్టంగా లేవు. క్లెమాన్ అంబేర్, జాన్ పాప్ 2015 అధ్యయనంలో వేసవి రోజుల్లో ప్రైవేటు కూలి 4.7 శాతం పెరిగింది, వానాకాలంలో ప్రభావం కానరాలేదు. లారా జిమ్మర్మన్‌కు కూలిరేట్ల మీద చెప్పుకోదగ్గ ప్రభావమే దొరకలేదు. రైతులు కూలీలు దొరకడం లేదని వాపోతున్న రోజుల్లోనే ఈ అంచనా వచ్చింది. పేరుకు పథకం ఉన్నా పని సరిగా నడవని రాష్ట్రాలను కలిపి సగటు తీస్తే ఫలితం పలచబడుతుంది. అందుచేత బాగా నడిచినచోట ఏం జరుగుతుందో చెప్పే ఆంధ్ర ప్రయోగానికే ఈ వ్యాసం మొగ్గుతుంది. అయితే ఆ ప్రయోగం పథకం ఉండటాన్ని, లేకపోవడాన్ని పోల్చింది కాదు. బాగా నడవటాన్ని, అంతంతమాత్రంగా నడవటాన్ని పోల్చింది. ఈ తేడాను మరిచి ఉటంకించేవారు చాలామంది.

ఇతర ఫలితాలు

క్లౌస్ డైనింగర్, యాన్యాన్ లియు ఉమ్మడి రాష్ట్రంలో 4,000 కుటుంబాలను మూడు విడతలుగా సర్వే చేసి, మొదట తిండి మెరుగుపడిందనీ తర్వాత ఆస్తులు కొంత పెరిగాయనీ రాశారు. పిల్లల చదువు దగ్గర అభిప్రాయాలు చీలాయి. కూలి పెరిగినకొద్దీ పెద్ద పిల్లలు బడి మానుతున్నారని మనీషా షా, బ్రైస్ స్టీన్‌బర్గ్ దేశం మొత్తాన్ని చూసి చెప్పారు. తల్లి ఉపాధి పనికి పోయిన ఇళ్లలో పిల్లలు బడిలో గడిపే సమయం పెరిగిందని అఫ్రిది బృందం ఆంధ్రప్రదేశ్ కుటుంబాలను చూసి చెప్పింది. మొదటిది ఎక్కువగా కౌమారంలో ఉన్నవారి సంగతి, రెండోది తల్లి చేతిలో డబ్బు సంగతి. రెండూ ఒకేసారి నిజం కావచ్చు.

తవ్విన కుంటలు, వేసిన రోడ్లు ఎంత ఉపయోగపడ్డాయన్నది అన్నిటికంటే తక్కువ కొలిచిన విషయం. మహారాష్ట్రలో 2015లో వెలువడిన ఒక సర్వేలో వినియోగదారుల్లో 90 శాతం మంది పనులు ఎంతోకొంత ఉపయోగకరమేనన్నారు. అంతకు మించి నిలకడైన అంచనాలు తక్కువ.

లబ్ధిదారులనే అడిగి కొలిచే పద్ధతి మాత్రం ఇతర పథకాలకు పాకింది. 2018లో తెలంగాణలో రైతుబంధు (రైతులకు పెట్టుబడి సాయం) చెక్కుల పంపిణీ వేళ కొందరు రైతులకు ఫోన్ చేసి చెక్కు అందిందా అని అడిగారు. తమ మండలంలో ఇలా ఫోన్లు వెళ్తాయని కొందరు వ్యవసాయాధికారులకు ముందే చెప్పారు. వాళ్ల మండలాల్లో సొమ్ము అందని రైతుల సంఖ్య 7.8 శాతం తగ్గింది.

2025 డిసెంబరులో పార్లమెంటు ఉపాధి హామీ చట్టం స్థానంలో కొత్త చట్టాన్ని ఆమోదించింది. హామీ 125 రోజులకు పెరిగింది. చాలా రాష్ట్రాలు ఖర్చులో 40 శాతం భరించాలి. విత్తే, కోసే కాలంలో ఏడాదికి మొత్తం 60 రోజుల వరకు పనులు నిలిపివేసే వీలుంది. కూలీ రైతుతో రేటు మాట్లాడుకునేది సరిగ్గా ఆ రోజుల్లోనే.