ఎనిమిది అక్షరాల తాళం

2020 ఏప్రిల్‌లో నా ఆఫీసు వేంసూరులో మా ఇంటి డాబా మీద, నీళ్ల ట్యాంకు నీడలో ఉండేది. కింద సిగ్నల్ రాదు. పైన ఫోన్ హాట్‌స్పాట్ పెట్టుకుంటే, హైదరాబాదు సర్వర్లో నడిచే వర్చువల్ మెషీన్ తెర ముక్కలు ముక్కలుగా ల్యాప్‌టాప్ మీదికి వచ్చేది. "ఇది అక్కడుందా, ఇక్కడుందా?" అని అడిగింది అమ్మ. నిజానికి ఎక్కడా లేదు. మెషీనే ఉత్తుత్తిది, దానికి మానిటరెక్కడిది? క్యూఎము అనే ప్రోగ్రాము వీడియో కార్డు వేషం కట్టి, అందులో పడ్డ బొమ్మని వీఎన్‌సీ పద్ధతిలో మనకి పంపిస్తుంది.

వీఎన్‌సీ ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో, ఒలివెట్టి-ఒరాకిల్ పరిశోధనశాలలో పుట్టింది. ఏ గదిలో కూర్చుంటే ఆ గదికి మన డెస్క్‌టాప్ రావాలన్నది వాళ్ల ఆలోచన. 1998లో సోర్సుతో సహా అందరికీ ఇచ్చేశారు. పద్ధతి ముచ్చటగా ఉంటుంది: అటునుంచి తెరలో మారిన దీర్ఘచతురస్రాలు వస్తాయి, ఇటునుంచి మీట నొక్కుళ్లూ మౌసు కదలికలూ పోతాయి. అంతే.

తాళం మాత్రం ఒకే ఇంట్లో వాళ్లు వేసుకునే గడియలాంటిది. సర్వరు పదహారు బైట్ల యాదృచ్ఛిక సంఖ్య ఇస్తుంది, మనం పాస్‌వర్డునే తాళంచెవిగా చేసి డెస్‌తో దాన్ని గిలకొట్టి తిరిగి పంపాలి. డెస్‌కి ఎనిమిది అక్షరాలకి మించి పట్టవు. ఇంగ్లీషు అక్షరాల్లో 'వేంసూరు సత్తుపల్లి' అని పెట్టుకున్నారనుకోండి, తాళం వేంసూరు దగ్గరే ఆగిపోతుంది, సత్తుపల్లి చేరదు! ఆ గడప దాటాక ఇంక దాపరికమే లేదు. తెరా, కొట్టిన ప్రతి అక్షరమూ దారిలో ఎవరైనా చదువుకోవచ్చు.

ఇది వాళ్లకి తెలియక కాదు. ఎస్ఎస్‌హెచ్ సొరంగంలోంచి వాడుకోండని వాళ్లే రాసిపెట్టారు. ఆ ఎస్ఎస్‌హెచ్‌ని 1995లో తాతు యూలోనెన్ రాశాడు, తన హెల్సింకి సాంకేతిక విశ్వవిద్యాలయపు నెట్‌వర్కులో పాస్‌వర్డులు దొంగిలించారని తెలిశాక. తెర ఒకరిది, తాళం ఇంకొకరిది. రెండూ కలిపి వాడే పని మనది. మనం ఎగ్గొట్టేది సరిగ్గా అక్కడే.

2003లో ఫాబ్రిస్ బెల్లార్ క్యూఎము మొదటిసారి విడుదల చేశాడు. 2007లో కేవీఎం లినక్స్ కెర్నెల్లోకి వచ్చింది. వర్చువల్ మెషీన్లకి వీఎన్‌సీయే మానిటరైంది. ఇక్కడ వ్యవహారం మారిపోయింది, చాలామంది పట్టించుకోలేదనుకుంటాను. అది డెస్క్‌టాప్ కాదిప్పుడు, కన్సోలు. బూట్ మెనూ దగ్గర్నుంచీ చేతిలో ఉంటుంది. కన్సోలు దొరికినవాడు మెషీను ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నట్టే. తర్వాత టీఎల్ఎస్ వచ్చింది, స్పైస్ వచ్చింది (క్యుమ్రానెట్‌ని 2008లో కొన్న రెడ్‌హ్యాట్, మరుసటేడు దాని సోర్సు తెరిచింది). అయినా లిబ్‌వర్ట్ ఏ జాగ్రత్తా చెప్పకపోతే ఆ తెరని 127.0.0.1కే, అంటే ఆ సర్వరు లోపలికే, కట్టేసి ఉంచుతుంది. మంచి అలవాటు.

నేను దాన్ని 0.0.0.0 చేశాను. హాట్‌స్పాట్ తెగినప్పుడల్లా సొరంగం మళ్లీ తవ్వుకోలేక విసుగొచ్చి. పాస్‌వర్డు ఉందిగా అనుకున్నాను.

నాలుగోరోజు పొద్దున తెరిస్తే రూట్ ప్రాంప్టు అలాగే ఉంది. వ్యూయర్ కిటికీ మూస్తే లాగౌట్ అయినట్టు కాదని అప్పటికి తట్టలేదు. లోపల మెషీను దృష్టిలో నేనింకా కీబోర్డు ముందే ఉన్నాను. నేను చివర కొట్టిన కమాండు కింద నేను కొట్టని లైన్లు మూడున్నాయి.

వర్చువల్ మెషీను ఆపి, డిస్కు చెరిపేసి, సెట్టింగు మళ్లీ 127.0.0.1కి మార్చాను. డిస్కు పాడైందని మేనేజరుతో చెప్పాను. ఇప్పుడు వర్ట్-వ్యూయర్‌కి క్యూఎము ప్లస్ ఎస్ఎస్‌హెచ్ అని మొదలయ్యే చిరునామా ఇస్తాను, సొరంగం అదే తవ్వుకుంటుంది. అప్పుడూ ఈ సౌకర్యం ఉంది.

అదే సర్వరు మీద ఇంకో ఐదుగురి మెషీన్లు నడిచేవి. ఆ మూడు లైన్లూ ఏమిటో నేను సరిగ్గా చదవనైనా లేదు.