మోటుపల్లి నుంచి మాంటెగో బే దాకా

గాలివానకు ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొస్తే బంగారం, గుర్రాలు, ఏనుగులు సహా అందులోని సర్వస్వాన్నీ పూర్వపు రాజులు లాక్కునేవారట. తాను మాత్రం నిర్ణీత సుంకం తప్ప మరేమీ ముట్టనని కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లి రేవులో రాతి మీద చెక్కించాడు. అది 1244వ సంవత్సరం. సాహసించి సముద్రమెక్కిన వర్తకులకు ధనం ప్రాణం కంటే తీపి కదా అని దయ తలిచాడు. సముద్ర న్యాయ చరిత్రను చాలామంది హాలండ్‌తో మొదలుపెడతారు. నాకు ఈ అభయ శాసనమే ముందు గుర్తొస్తుంది. కడలి దాటి వచ్చిన పరాయివాడి పట్ల ఒడ్డునున్న బలవంతుడు ఏం చేయకూడదో చెప్పిన మాట ఇది.

హాలండ్ కథకు మూలం ఒక ఓడ పట్టివేత. 1603లో సింగపూర్ దగ్గర డచ్చివారు సాంటా కాటరీనా అనే పోర్చుగీసు ఓడను పట్టుకున్నారు. దాన్ని సమర్థిస్తూ యువ న్యాయవాది గ్రోషియస్ రాసిన దాంట్లో ఒక భాగం 1609లో అచ్చయింది. సముద్రం ఎవరి సొత్తూ కాదన్నది అతని వాదం. 1635లో ఇంగ్లండు పండితుడు సెల్డెన్ దాన్ని ఖండించాడు. ఫిరంగి గుండు అందినంత మేర తీర దేశానిదని 1702లో డచ్చి న్యాయవేత్త బైంకర్షోక్ రాశాడు. వాడుకలో అది మూడు మైళ్లయింది.

1945లో అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ తీరాన్ని ఆనుకున్న సముద్రగర్భ సంపద తమదని ప్రకటించాక ఆ మూడు మైళ్ల కట్టు తెగింది. ఎవరికి తోచినంత వారు కోరారు. తొమ్మిదేళ్ల చర్చల తర్వాత 1982 డిసెంబర్ 10న జమైకాలోని మాంటెగో బేలో సముద్ర న్యాయ ఒప్పందం కుదిరింది. 12 నాటికల్ మైళ్ల వరకు తీర దేశానికి సార్వభౌమాధికారం, 200 మైళ్ల వరకు చేపల మీద, ఖనిజాల మీద హక్కు. 1994లో అమల్లోకి వచ్చింది. అమెరికా నేటికీ చేరలేదు.

అందులోని 73వ అధికరణం నాకు మోటుపల్లిని గుర్తుచేస్తుంది. 12 మైళ్లు దాటాక, 200 మైళ్ల లోపల చేపలవేట నిబంధనలు మీరిన విదేశీయుణ్ణి, వేరే ఒప్పందం ఉంటే తప్ప, జైల్లో పెట్టకూడదంటుంది. 2018 చివర గుజరాత్ పడవల మీద వేటకు వెళ్లి పాకిస్థాన్‌కు చిక్కిన ఉత్తరాంధ్ర మత్స్యకారులు 2020 జనవరిలో గానీ ఇల్లు చేరలేదు. మన జైళ్లలోనూ పాకిస్థానీ జాలర్లు మగ్గారు. 12 మైళ్ల లోపలికి వచ్చారంటే ఆ అధికరణం రక్షణ లేదు. నీటి మీద గీత కనిపించదు. రెండు దేశాలూ ఒప్పందంలో సభ్యులే గనక, వల పట్టుకుని దారితప్పిన వారి విషయంలో ఈ నియమాన్ని 12 మైళ్ల లోపలికీ పాటించాలి.