తోలుకడియము నుండి ఆయిల్ సీలు దాక

వేగముగల కార్లను వర్ణించువారు ఇంజను బలమును గూర్చియు, గమనవేగమును గూర్చియు ఎంతయో వ్రాయుదురుగాని, ముందు చక్రముల నడుమనుండు డిఫరెన్షియల్ పెట్టెనుండి ఇరుసు వెలికివచ్చుచోట నూనె జారనీయక కాపుగాయు చిన్న కడియమును తలచినవారు అరుదు. మెకానిక్కులు ఆయిల్ సీలని పిలుచు ఈ వస్తువునకు నేటి రూపము దిద్దినది మోటారు కర్మాగారము కాదు, తోళ్లు పదునుచేయు శాల. మోటారు చరిత్ర ఆ తోలుపనివారికి మిక్కిలి ఋణపడియున్నదని నా దృఢాభిప్రాయము.

కందెన వేయని బండికి కావలసినంత సంగీతమని మనవారి సామెత. ఎద్దుబండి ఇరుసునుండి కందెన కారిపోయినను మరల పూసికొని సాగవచ్చును. మూసిన పెట్టెలో నూనెమీదనే నడచు డిఫరెన్షియల్ సంగతి అట్టిది కాదు. మలుపులో వెలుపలి చక్రము లోపలిదానికంటె ఎక్కువ దూరము తిరుగవలయును గనుక, రెంటికిని బలమును పంచుచునే వాని వేగభేదమును సహింపగల ఈ పళ్లచక్రముల కూర్పునకు ఫ్రాన్సు దేశీయుడగు ఒనెసిఫోర్ పెక్వెర్ 1828లో, తన ఆవిరిబండి నిమిత్తము, పేటెంటు పొందెను. 1903లో హాలండునందలి స్పైకర్ సోదరులు పందెపు కారొకటి నిర్మించి, ముందు చక్రములకును ఇంజను బలమునందించిరి. ఆ కాలపు ఇరుసులకు ఉన్నిపట్టీయో, త్రాడో, తోలుముక్కయో చుట్టుటయే రక్షణ. చిక్కని గ్రీజు కొంత నిలిచెడిదిగాని, పలుచని నూనె నిలిచెడిది కాదు. 1920ల నడుమ అమెరికాలో ప్యాకార్డు సంస్థ హైపాయిడ్ పళ్లను వాడుకలోనికి తెచ్చుటతో చిక్కు మరింత పెరిగెను. ఆ పళ్లు ఒకదానిపై నొకటి జారుచు ఒరయును గనుక, గంధకము మున్నగునవి కలిపిన ప్రత్యేకపు నూనె వానికి ప్రాణాధారమయ్యెను.

జర్మనీలోని వైన్‌హైము పట్టణమున కార్ల్ ఫ్రాయ్‌డెన్‌బెర్గ్ 1849లో స్థాపించిన తోళ్ల కర్మశాలకు ఎనుబది యేండ్లు తోలే సర్వస్వము. 1929లో ఆర్థికమాంద్యము ముంచుకొనిరాగా, ఆ సంస్థవారు తమకు చేతనైన ఆ తోలుతోనే యంత్రములకు సీళ్లు చేయ పూనుకొనిరి. అచ్చట వాల్తేర్ సిమ్మర్ అను ఇంజనీరు తోలుపెదవిని లోహపు గూటిలో బిగించి రూపొందించిన కడియమునకు ఆయన పేరుమీదుగనే సిమ్మర్‌రింగ్ అను నామము స్థిరపడెను. నేటికిని జర్మను మెకానిక్కులు ఏ సంస్థ సీలునైనను అట్లే పిలుతురు. తోలునకు నూనెను పీల్చి దాచుకొను సద్గుణము కలదుగాని, అధికమైన వేడికి అది ముడుచుకొని బిరుసెక్కును. ఆ లోపము 1930లలో కృత్రిమ రబ్బరు వచ్చి తీర్చెను. 1957లో డ్యూపాంట్ సంస్థ వెలువరించిన వైటాను అను రబ్బరు అంతకంటె తీక్ష్ణమైన తాపమునకు ఓర్చెను.

ఈ కడియము పనితీరు నిజముగా ఆశ్చర్యకరమైనది. సన్నని స్ప్రింగు రబ్బరుపెదవిని ఇరుసుపై ఒత్తుచుండును. అయినను, ఇరుసు తిరుగునప్పుడు ఆ రెంటి నడుమ మిల్లీమీటరులో సుమారు వెయ్యవవంతు మందపు నూనెపొర నిలుచును. పెదవికి నూనెవైపు వాలును నిటారుగను, గాలివైపు వాలును ఏటవాలుగను తీర్చుటవలన, వెలికి తొంగిచూచిన నూనె మరల లోనికే నెట్టబడును. ఇరుసును సానపట్టినప్పటి మెలికగీత మిగిలియున్నచో, అదియే మరవలె నూనెను బయటికి తోడివేయును.

ఇట్టి కడియమునకు కఠినపరీక్ష యగు తావునకొక ఉదాహరణము: 1989లో నిస్సాను సంస్థ తెచ్చిన స్కైలైన్ జీటీఆర్ కారునందు ముందు డిఫరెన్షియల్ ఇంజను అడుగునుండు నూనెతొట్టియగు సంపు ప్రక్కనే బిగింపబడి, ఒకవైపు ఇరుసు ఆ సంపును దూసికొని ఆవలి చక్రమును చేరును. ఏండ్లు గడచినకొలది అట్టి తావున రబ్బరుపెదవి గట్టిపడి పగులును. ఇరుసుపై గాడి పడును. పెట్టె ఊపిరి విడుచు బ్రీదరు మట్టితో పూడినచో, వేడికి పెరిగిన లోపలి ఒత్తిడి మంచి సీలునైనను దాటి నూనెను వెడలగొట్టును. కావుననే అనుభవజ్ఞుడు తొలుత బ్రీదరును శుభ్రపరచి, గూటికి గీత పడకుండ పాత సీలును పెకలించి, ఇరుసును గోటితో తడవి చూచును. గోరు గాడిలో తట్టుకొన్నచో, క్రొత్త సీలు పెదవి ఆ గాడిమీద పడకుండ రవ్వంత ఎడముగా కూర్చుండబెట్టును. పెదవికి ముందుగనే గేరాయిలు రాచి, వంకరపోనీయక చుట్టును సమముగా తట్టి దించిన పిమ్మట, నూనె పోయు రంధ్రపు అంచువరకు నింపి బిరడా బిగించును.