నొసటి రాత, దారపు ఉండ

బోధన్ దగ్గరి ఒక ఊళ్ళో చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతున్న ఒక అవ్వని 'ఈ పనిలోకి ఎట్లొచ్చిన్రు?' అని అడిగాను. ఆమె చేతులు ఆగలేదు. "నొసట గట్ల రాసున్నది బిడ్డా" అంది. ఇలాంటి మాటని 'చైతన్యం లేకపోవడం' అని రాసేసుకోవడం మనలాంటి పరిశోధకులకి తేలిక. నాకది అన్యాయమనిపించింది. నొసటి రాత మీద తగువు ఈ నేలకి చాలా పాతది.

బౌద్ధ వాఙ్మయంలోని అస్సక జనపదానికి రాజధాని పోతన. అది నేటి బోధనేనని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. సుత్తనిపాతంలోని పారాయనవగ్గం ఈ అస్సక రాజ్యంలోనే, గోదావరి ఒడ్డున మొదలవుతుంది. బావరి అనే బ్రాహ్మణుడు యజ్ఞం చేసి ఉన్నదంతా దానమిచ్చేశాక ఒకడొచ్చి అయిదు వందలు అడుగుతాడు. లేవంటే, ఏడో రోజున నీ తల ఏడు ముక్కలవుతుందని శపిస్తాడు. బావరి అన్నం మానేసి చిక్కిపోతాడు. అప్పుడొక దేవత వచ్చి, వాడికి తల గురించీ తెలియదు, తల పగలడం గురించీ తెలియదు అని చెప్తుంది. తనకూ తెలియదని ఒప్పుకుంటుంది. (కథలో నాకు అందరికన్నా నచ్చేది ఆమే.) బావరి పదహారుమంది శిష్యుల్ని శ్రావస్తికి పంపుతాడు. వాళ్ళలో ఒక్క స్త్రీ లేదు. అవిద్యే తల, దాన్ని పగలగొట్టేది విద్య అని బుద్ధుడి జవాబు.

బుద్ధుడి కాలంవాడే ఆజీవకుల గురువు మక్ఖలి గోసాలుడు. అంతా నియతి, మనిషి ప్రయత్నం దేన్నీ మార్చదన్నాడు. మూర్ఖుడైనా పండితుడైనా 84 లక్షల మహాకల్పాలు తిరిగి తీరాల్సిందే. విసిరిన దారపు ఉండ దారం అయిపోయేదాకా విప్పుకుంటూ పోయినట్టు. ఆజీవకుల సొంత గ్రంథాలు మిగల్లేదు. ఇదంతా ప్రత్యర్థులు చెప్పగా విన్నదే. స్త్రీల చరిత్ర చదివేవాళ్ళకి ఇలా వినడం అలవాటే.

అంగుత్తరనికాయంలో బుద్ధుడు మూడు వాదాల్ని కాదంటాడు: సుఖదుఃఖాలన్నీ పూర్వకర్మ వల్లేననీ, ఈశ్వరుడి వల్లేననీ, ఏ కారణమూ లేకుండానే వస్తాయనీ. అదే నిజమైతే హంతకుడు కూడా పూర్వకర్మ వల్లే హంతకుడయ్యాడనాలి. ఇది చెయ్యాలి, అది చెయ్యకూడదు అనే మాటకి ఇక చోటే ఉండదు.

బోధన్‌లో ఈ నియతి ఇంకో రూపంలో వినిపిస్తుంది: 'కాలం కలిసి రాలేదు.' కానీ ఇక్కడి కాలానికి తేదీలున్నాయి, సంతకాలున్నాయి. 1931లో పూర్తయిన నిజాంసాగర్ నీళ్ళు చెరకు తెచ్చాయి. 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ పెట్టారు. 2002లో 51 శాతం వాటా ప్రైవేటుకిచ్చారు. 2015 డిసెంబరులో మూతపడింది. వీటిలో ఏదీ బ్రహ్మ రాసింది కాదు. ఫ్యాక్టరీలో రోజుని షిఫ్టులతో కొలిచారు. బీడీల ఇళ్ళల్లో వెయ్యి బీడీల లెక్కతో కొలుస్తారు. వెయ్యికి ఎన్ని గంటలు పట్టాయో కూలిలో కనబడదు. పొయ్యి దగ్గరికి లేచి వెళ్ళిన సేపూ, పిల్లకి పాలిచ్చిన సేపూ అందులోనే కలిసిపోతాయి. 1966లో బీడీ కార్మికుల చట్టం వచ్చింది. ఆ గంటల లెక్క మాత్రం ఇంటి గడప దాటి బయటికి రాలేదు.

అవ్వ దగ్గరికి మళ్ళీ వెళ్ళాను. ఈసారి ప్రశ్న మార్చాను. ఆకు ఎవరిస్తారు, ఎంత తూకం, ఎన్ని బీడీలు బాగాలేవని పక్కన పడేస్తారు, వాటి కూలి ఎవరు మింగుతారు? ఒక్కొక్కటీ చెప్పింది, పేర్లతో సహా. నొసలు తలుచుకోలేదు. గంటసేపు మాట్లాడి, దారం అయిపోతే కోడల్ని కేకేసి ఇంకో ఉండ తెప్పించుకుంది.