పదో తరగతికి రెండో దారి: అనకాపల్లి నేపథ్యంలో సార్వత్రిక పాఠశాల అర్హతలు, పరీక్షలు

బడి మధ్యలో మానేసినవారికి, అసలు బడి గడప తొక్కనివారికి పదో తరగతితో సమానమైన సర్టిఫికెట్ ఇచ్చే మార్గాలు ఆంధ్రప్రదేశ్‌లో ప్రధానంగా రెండు. ఒకటి రాష్ట్ర ప్రభుత్వం నడిపే ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విద్యాపీఠం. రెండోది కేంద్ర విద్యాశాఖ కింద నోయిడా కేంద్రంగా పనిచేసే జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ, అంటే ఎన్‌ఐఓఎస్. జనం వాడుకలో రెండూ ‘ఓపెన్ టెన్తే’. నిబంధనలు, పాస్ మార్కులు, పరీక్షల కాలం వేరైనా, రెండింటి సర్టిఫికెట్టూ పదో తరగతి చదువుగానే చెల్లుతుంది. అయితే ఆ సర్టిఫికెట్టుతో ఏ ఉద్యోగానికి, ఏ పైచదువుకు వెళ్లవచ్చన్నది చాలావరకు ప్రవేశ దరఖాస్తులో సబ్జెక్టులు రాసిననాడే నిర్ణయమైపోతుంది. ఈ సంగతి అభ్యర్థుల్లో చాలామందికి చివరలో గాని తెలియదు. ఈ వ్యాసం ఆ రెండు మార్గాల నియమాలను అనకాపల్లి జిల్లా నేపథ్యంలో పరిశీలిస్తుంది.

పూర్వరంగం

బడికి వెళ్లకుండా మెట్రిక్ రాయడం తెలుగువారికి కొత్త కాదు. ఈ విషయంలో ముందుగా చెప్పుకోవలసిన పేరు దుర్గాబాయి దేశ్‌ముఖ్. రాజమండ్రిలో 1909లో పుట్టి, చిన్నవయసులోనే పెళ్లయి, ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్లొచ్చిన ఆమె, బెనారస్ హిందూ విశ్వవిద్యాలయం మెట్రిక్ పరీక్షను ప్రైవేటుగా రాసి పాసయ్యారు. ఆ తర్వాత ఆంధ్ర విశ్వవిద్యాలయంలో డిగ్రీ, మద్రాసులో న్యాయశాస్త్రం చదివారు. తాను నడిచిన దారిని ఇతరులకూ చూపించారు. 1937లో మొదలైన ఆంధ్ర మహిళా సభ మద్రాసులో తెలుగు స్త్రీలను అదే బెనారస్ మెట్రిక్‌కు సిద్ధం చేసింది. బాల్యవివాహాల వల్ల, వైధవ్యం వల్ల చదువు ఆగిపోయినవారికి ఎక్కడో కాశీలో ఉన్న విశ్వవిద్యాలయం పరీక్ష ఆసరా కావలసివచ్చింది. స్థానికంగా వారికి అనువైన ఏర్పాటు ఎంత కొరవడిందో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఆమె కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు అధ్యక్షురాలిగా ఉన్నప్పుడు, 1958లో, వయోజన మహిళలకు సంక్షిప్త విద్యా కోర్సులు మొదలయ్యాయి. ఏళ్ల తరబడి సాగే పాఠశాల చదువును రెండేళ్లకు కుదించి పరీక్షకు పంపడం ఆ పథకం పద్ధతి. నేటి సార్వత్రిక పాఠశాలలోని మూలసూత్రం అప్పటికే అందులో ఉంది: అభ్యర్థి ఎన్నేళ్లు బెంచీ మీద కూర్చున్నాడన్నది కాక, పరీక్షనాటికి ఏం నేర్చాడన్నదే లెక్క.

సంస్థాగత రూపం తర్వాత వచ్చింది. సీబీఎస్ఈ 1979లో ప్రయోగాత్మకంగా ఓపెన్ స్కూల్ ప్రారంభించింది. అది 1989లో స్వతంత్ర సంస్థగా జాతీయ ఓపెన్ స్కూల్ అయింది. సొంతంగా పరీక్షలు జరిపి సర్టిఫికెట్లు ఇచ్చే అధికారం 1990లో దక్కింది. ఎన్‌ఐఓఎస్ అన్న పేరు 2002 నుంచి స్థిరపడింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రాష్ట్ర ఓపెన్ స్కూల్ సొసైటీ (సార్వత్రిక విద్యాపీఠం) 1991లో ఏర్పడింది. తొలుత దిగువ తరగతుల స్థాయి చదువుకే పరిమితమైన ఆ సంస్థ 2008-09లో పదో తరగతి, 2010-11లో ఇంటర్మీడియట్ కోర్సులు చేపట్టింది. రాష్ట్ర విభజన తర్వాత తెలంగాణకు వేరే సొసైటీ వచ్చింది.

ఎవరు చేరవచ్చు, ఏం చదవాలి

పదో తరగతిలో చేరడానికి రెండు సంస్థల్లోనూ కనీస వయసు 14 ఏళ్లు. గరిష్ఠ వయోపరిమితి లేదు. విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల వరకు పిల్లలకు బడిలో చోటు కల్పించాలంటుంది. వయసు మీరినవారిని వయసుకు తగ్గ తరగతిలో చేర్చి ప్రత్యేక శిక్షణ ఇవ్వాలనీ చెబుతుంది. ఆ హామీ ముగిసే చోట సార్వత్రిక పాఠశాల మొదలవుతుంది. కాబట్టి దీన్ని ఫెయిలైనవాళ్ల బడి అని తీసిపారేయడం తగదు. చట్టం చేయి వదిలిన వయసులో మిగిలే ఏర్పాటు ఇదే.

పదో తరగతికి ముందు తరగతులు పాసైనట్టు చూపించాలన్న నిర్బంధం లేదు. బడికి వెళ్లినవారు టీసీ గాని, రికార్డు షీటు గాని ఇస్తారు. వెళ్లనివారు పుట్టిన తేదీకి వేరే ఆధారం చూపాలి. ఇక్కడ తొందర పనికిరాదు. దరఖాస్తులో పడిన పుట్టిన తేదీయే రేపు మార్కుల మెమోలో అచ్చవుతుంది, ఆ మెమోయే జీవితాంతం వయసుకు రుజువవుతుంది. ఆధార్‌లో ఒక తేదీ, పాత బడి రికార్డులో మరో తేదీ ఉన్నవారు ముందే సరిచేసుకుంటే, ఆనక కార్యాలయాల చుట్టూ తిరగాల్సిన అవసరం ఉండదు.

అసలు కీలకం సబ్జెక్టుల ఎంపిక. రెగ్యులర్ పదో తరగతి విద్యార్థి తెలుగు, హిందీ, ఇంగ్లీషు, గణితం, సైన్సు, సాంఘికం అన్నీ రాయాలి. అతనికి ఎంపిక లేదు. సార్వత్రిక పాఠశాల అభ్యర్థి కనీసం ఐదు సబ్జెక్టులు తీసుకుంటే చాలు. అందులో ఒక భాష తప్పనిసరి, రెండు భాషలకు మించకూడదు. మిగతావి గణితం, సైన్సు, సాంఘికం, అర్థశాస్త్రం, బిజినెస్ స్టడీస్, గృహవిజ్ఞానం, మనోవిజ్ఞానం, భారతీయ సంస్కృతి–వారసత్వం వంటి జాబితా నుంచి ఎంచుకోవచ్చు. హిందీ లేకుండా, గణితం లేకుండా, చివరకు ఇంగ్లీషు కూడా లేకుండా పదో తరగతి పాసయ్యే వీలుంది.

లెక్కలంటే భయపడి బడి మానేసినవారికి ఈ వెసులుబాటు నిజంగా ఊరట. మళ్లీ చదువు వైపు రావడానికి ధైర్యమిచ్చేదీ ఇదే. అలాగని తెలుగు, సాంఘికం, గృహవిజ్ఞానం, మనోవిజ్ఞానం, భారతీయ సంస్కృతి అని రాసి సంతకం పెట్టేవారు ఏ వాకిళ్లు మూసుకుంటున్నారో ఎవరో ఒకరు ముందే చెప్పాలి. ఆ పని అధ్యయన కేంద్రానిది.

పరీక్షలు

రాష్ట్ర విద్యాపీఠంలో సబ్జెక్టుకు 35 మార్కులు వస్తే పాస్. ఎన్‌ఐఓఎస్‌లో 33 శాతం చాలు. ఒకసారి నమోదైతే రెండు చోట్లా ఐదేళ్ల గడువు ఉంటుంది. ఆ గడువులో తొమ్మిది సార్లు పరీక్ష రాయవచ్చు. ఒక విడతలో రెండు, మరో విడతలో మూడు సబ్జెక్టుల చొప్పున పూర్తిచేసుకోవచ్చు. పాసైన సబ్జెక్టు మార్కులు పోవు. ఇలా విడతలవారీగా రాసుకునే వీలే రెగ్యులర్ విధానానికీ దీనికీ ఉన్న పెద్ద తేడా. కూలిపనికి వెళ్తూ చదివేవారికి ఒక్క మార్చిలో అన్నీ గట్టెక్కాలన్న ఒత్తిడి ఉండదు.

రాష్ట్ర విద్యాపీఠం అధ్యయన కేంద్రాలు ఎక్కువగా ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లోనే నడుస్తాయి. ఆదివారాల్లో, సెలవు రోజుల్లో సంపర్క తరగతులు ఉంటాయి. ఎన్‌ఐఓఎస్‌లో పదో తరగతికి తెలుగు మాధ్యమం ఉంది. అక్కడ పబ్లిక్ పరీక్షలు ఏడాదికి రెండు విడతలు, ఏప్రిల్–మే, అక్టోబరు–నవంబరు నెలల్లో జరుగుతాయి. ఇంటి దగ్గర రాసి సమర్పించే అసైన్‌మెంట్లకు 20 శాతం విలువ ఉంటుంది. దీనికి తోడు కోరినప్పుడు రాసే ‘ఆన్ డిమాండ్’ పరీక్ష ఎన్‌ఐఓఎస్‌కే ప్రత్యేకం. సిద్ధమైన సబ్జెక్టుకు తేదీ ఎంచుకుని, ఆ సంస్థ ఏర్పాటు చేసిన కేంద్రానికి వెళ్లి రాయవచ్చు.

రెగ్యులర్ పదో తరగతి ఫెయిలైనవారికి మార్కుల బదిలీ సౌకర్యం ఉంది. బోర్డు పరీక్షలో పాసైన సబ్జెక్టుల్లో రెండింటి మార్కులను ఓపెన్ స్కూలుకు తెచ్చుకుని, మిగతా మూడే రాయవచ్చు. ఎనిమిదో తరగతి తర్వాత రెండేళ్ల ఐటీఐ ట్రేడు పూర్తిచేసినవారికీ ఇలాంటి ఏర్పాటుంది. 2016లో కేంద్ర నైపుణ్యాభివృద్ధి శాఖకూ ఎన్‌ఐఓఎస్‌కూ కుదిరిన ఒప్పందం వల్ల వారి ఐటీఐ చదువుకు కొంత గుర్తింపు దక్కి, రాయవలసిన సబ్జెక్టులు తగ్గుతాయి. విశాఖ, అనకాపల్లి ప్రాంతంలో ఫిట్టరు, వెల్డరు వంటి ట్రేడులు చదివి పరిశ్రమల్లో చేరేవారికి ఇది పనికొచ్చే నిబంధన. ప్రచారం మాత్రం తక్కువ.

ఈ పద్ధతిని, హైస్కూలు చదువుకు సమానంగా అమెరికాలో 1942లో యుద్ధసైనికుల కోసం పుట్టిన జీఈడీ పరీక్షతో పోలిస్తే తేడా స్పష్టం. జీఈడీలో కోర్సు నమోదు, అసైన్‌మెంట్లు ఉండవు. గణితం, భాష, సైన్సు, సాంఘికం అనే నాలుగు పరీక్షలు, ఒక్కోదానిలో కనీసం 145 స్కోరు. నాలుగూ అందరికీ ఒకటే. అక్కడ పరీక్ష కఠినంగా ఒకే మూసలో ఉంటుంది గనుక సర్టిఫికెట్టు విలువ కూడా అందరికీ ఒకేలా ఉంటుంది. ఇక్కడ అభ్యర్థికి ఎంపిక ఎక్కువ. ఫలితంగా ఒకే పేరున్న సర్టిఫికెట్ల మధ్యే ఎక్కువతక్కువలు ఏర్పడతాయి.

సమానత్వం ఎంతవరకు

విశాఖపట్నం జిల్లా నుంచి విడివడి 2022 ఏప్రిల్ 4న అనకాపల్లి జిల్లా అయింది. ఇక్కడి బెల్లం మార్కెట్టు దేశంలోని పెద్ద మార్కెట్లలో ఒకటి. పరవాడలో ఫార్మా సిటీ, అచ్యుతాపురంలో ప్రత్యేక ఆర్థిక మండలి, అక్కడి బ్రాండిక్స్ దుస్తుల పరిశ్రమలో పల్లెల నుంచి బస్సుల్లో వచ్చి పనిచేసే మహిళలు, ఇంకా పైకి వెళ్తే మాడుగుల, నర్సీపట్నం వైపు కొండవార గ్రామాలు. ఇన్ని రకాల జీవనాలున్న చోట పదో తరగతి కాగితం ఒక్కొక్కరికి ఒక్కో పనికి కావాలి.

కొన్ని పనులకు పాసైతే చాలు. పాస్‌పోర్టు అందుకు మంచి ఉదాహరణ. 1983 నాటి వలసల చట్టం ప్రకారం, మెట్రిక్ పాసు కానివారి పాస్‌పోర్టు మీద సాధారణంగా ఈసీఆర్ (వలస తనిఖీ అవసరం) ముద్ర ఉంటుంది. అలాంటివారు గల్ఫ్ దేశాలతో సహా నిర్ణీత జాబితాలోని 18 దేశాలకు పనికి వెళ్లాలంటే వలస అనుమతి తీసుకోవాలి. పదో తరగతి సర్టిఫికెట్టుతో ఆ ముద్ర తప్పుతుంది. ఇక్కడ ఏ సబ్జెక్టులు చదివారని ఎవరూ అడగరు. మనోవిజ్ఞానం చదివినా, గణితం చదివినా ఒకటే.

తపాలా శాఖ మాత్రం సబ్జెక్టులు అడుగుతుంది. గ్రామీణ డాక్ సేవక్ పోస్టుకు పదో తరగతి మార్కులే ఆధారం, రాత పరీక్ష లేదు. అందుకే పల్లెల్లో ఈ నోటిఫికేషన్‌కు గిరాకీ ఎక్కువ. అయితే పదిలో గణితం, ఇంగ్లీషు పాసై ఉండాలన్నది షరతు. స్థానిక భాష పదో తరగతి దాకా చదివి ఉండాలి. పాలిటెక్నిక్ ప్రవేశానికి పాలిసెట్ రాయాలన్నా పదిలో గణితం ఒక సబ్జెక్టుగా ఉండి తీరాలి. పై పేరాల్లో చెప్పిన సులువైన ఐదు సబ్జెక్టులతో పాసైన అభ్యర్థికి ఈ రెండు వాకిళ్లూ మూసే ఉంటాయి. ఇందులో సంస్థ తప్పేమీ లేదు, సర్టిఫికెట్టు చెల్లదనీ కాదు. అడిగిన సబ్జెక్టు అందులో లేదు, అంతే.

ఈ లెక్కన చూస్తే తెలుగు, ఇంగ్లీషు, గణితం, సైన్సు, సాంఘికం అన్న పాత కూర్పే ముప్పై దాటని అభ్యర్థులకు మేలు. భాషలు రెండుకు మించవు, కనీసం ఐదన్న నియమమూ తీరుతుంది, ఏ దారీ మూసుకుపోదు. లెక్కలు ఒకసారి తప్పినా ఇంకా ఎనిమిది అవకాశాలుంటాయి. పాస్‌పోర్టు కోసమో, తృప్తి కోసమో రాసే నడివయసువారు మాత్రం తేలికైనవి ఎంచుకోవడంలో తప్పు లేదు. ఒకసారి పాసైపోయాక గణితం కావాలనుకునేవారికి ఎన్‌ఐఓఎస్ ఒక్క సబ్జెక్టుకు కూడా ప్రవేశమిచ్చి మార్కుల పత్రం ఇస్తుంది. అయితే రెండు పత్రాలను కలిపి చూసేదీ చూడనిదీ ఉద్యోగమిచ్చే శాఖ నిబంధనను బట్టి ఉంటుంది. అందుచేత ఆ ఆశతో మొదటే లెక్కలు వదిలేయడం మంచిది కాదు.

ఆచరణలో చిక్కులు

ప్రవేశాల ప్రకటన సాధారణంగా వానాకాలంలో వస్తుంది, ఆలస్య రుసుముతో గడువు పొడిగిస్తారు. సంపర్క తరగతులు ఊపందుకునే చలికాలంలోనే చెరకు నరుకుడు, బెల్లం వండకం సాగుతాయి. తెల్లవారకముందే పెనం కింద మంట పెట్టే కుటుంబాలకు, యార్డులో దిమ్మలు మోసే కళాసీలకు ఆదివారమైనా తీరిక తక్కువ. పరిశ్రమల్లో షిఫ్టులవారి సంగతీ అంతే. హాజరు తగ్గితే కేంద్రాల్లో బోధన చప్పబడుతుంది, బోధన చప్పబడితే అభ్యర్థులు గైడ్ల మీద, పరీక్ష గదిలో దొరికే ‘సహాయం’ మీద ఆధారపడతారు. సార్వత్రిక పరీక్షలకు అంటుకున్న చెడ్డపేరుకు మూలం ఇక్కడే ఉంది. మాస్ కాపీయింగ్‌ను పోలీసు కాపలాతో అరికట్టడం కంటే తరగతుల వేళలను ఆ ఊరి పనుల సీజనుకు తగ్గట్టు మార్చడం ఎక్కువ ఫలితమివ్వగలదు. జాతీయ విద్యావిధానం 2020 సార్వత్రిక పాఠశాలలను విస్తరించి, 3, 5, 8 తరగతుల స్థాయి నుంచే బలోపేతం చేయాలని చెప్పింది. కేంద్రాల వేళలు మారకుండా ఆ విస్తరణ కాగితాన్ని దాటదు.

నకిలీల బెడద వేరే. ‘వన్ సిట్టింగ్‌లో టెన్త్, ఇంటర్’ అంటూ బస్టాండు గోడల మీద కనిపించే ప్రకటనల్లో బోర్డు పేరు ఉండదు, ఉన్నా వినని పేరై ఉంటుంది. ఏ పరీక్ష బోర్డుకైనా ప్రభుత్వ గుర్తింపు ఉండాలి. దేశంలోని పాఠశాల విద్యా బోర్డుల మండలి అయిన కాబ్సే జాబితాలో ఆ పేరుందో లేదో చూసుకోవడం తేలికైన పరీక్ష. ఉద్యోగంలో చేరాక సర్టిఫికెట్టును జారీచేసిన బోర్డుకు తిప్పిపంపి నిజానిజాలు తేల్చుకుంటారు. అప్పుడు బయటపడితే ఉద్యోగంతో పాటు కేసు కూడా మీద పడుతుంది.

పదో తరగతి చేతికొచ్చాక ఇంటర్ కూడా ఇదే దారిలో చదవవచ్చు. కనీస వయసు 15 ఏళ్లు. పదికీ ఇంటర్ సర్టిఫికెట్టుకూ మధ్య రెండేళ్ల ఎడం ఉండాలన్నది ఎన్‌ఐఓఎస్ నియమం. కాబట్టి ఏడాదిలో రెండూ చేతిలో పెడతామనే మాట ఎవరు చెప్పినా నమ్మదగింది కాదు. రెగ్యులర్ కళాశాలలో చేరదలచినవారు మార్కుల మెమోతో పాటు మైగ్రేషన్ సర్టిఫికెట్టు కూడా తీసుకోవాలి. ఒక బోర్డు నుంచి మరో బోర్డుకు మారేటప్పుడు కళాశాలలు దాన్ని అడుగుతాయి.